రోగ్‌లైక్ అంటే అసలు ఏంటి? ఒక్కొక్కడు ఒక్కో అర్థం చెప్తున్నాడు

కృష్ణలంక_కార్తీక్
సేల్‌లో రోగ్‌లైక్ అని ట్యాగ్ చూసి ఓ మూడు నాలుగు గేములు కొన్నా. హేడిస్‌లో కత్తి పట్టుకుని పరిగెత్తి కొట్టడమే. స్లే ద స్పైర్‌లో కార్డులు. బలాట్రోలో పోకర్. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు, మరి ఒకే పేరేంటి అని మా బెంజ్ సర్కిల్ బ్యాచ్‌ని అడిగితే ఒకడు "చస్తే మొదట్నుంచి ఆడాలి, అదే" అన్నాడు. అలా అయితే పాత మారియో కూడా అంతే కదా, లైఫులు అయిపోతే మళ్ళీ మొదటికే. ఇంకోడు "ప్రతిసారీ మ్యాప్ మారాలి" అన్నాడు, మైన్‌క్రాఫ్ట్‌లో కూడా మారుద్ది. ఇంకోడైతే నెట్‌హ్యాక్ లింక్ పంపించి ఇదే అసలైంది మిగతావన్నీ డూప్లికేట్ అన్నాడు, ఓపెన్ చేస్తే తెరనిండా చుక్కలు, అక్షరాలు. డబ్బులు పెట్టి కొనేవాడికి ఈ మాట ఏం చెప్తున్నట్టు? ఎక్కడ పుట్టింది, ఎందుకు ఇలా అయింది, తెలిసినవాళ్ళు చెప్పండి.

నెట్‌హ్యాక్_నాని
నీకు లింక్ పంపినోడు కరెక్ట్. వాడికి టీ ఇప్పించు.

నాలుగో_లైన్
పేరు వరకూ కథ చిన్నదే. 1980లో రోగ్ అని ఒక గేమ్ వచ్చింది, దానిలాంటివి కాబట్టి రోగ్‌లైక్. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా క్రూజ్ క్యాంపస్‌లో మైకేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ అని ఇద్దరు స్టూడెంట్లు మొదలెట్టారు, టాయ్ తర్వాత బర్క్‌లీ వెళ్ళాక అక్కడ కెన్ ఆర్నాల్డ్ కలిశాడు. ఆ రోజుల్లో అందరూ ఆడేది అడ్వెంచర్ అనే టెక్స్ట్ గేమ్. దాంట్లో పజిల్స్ అన్నీ తెలిసిపోయాక రెండోసారి ఆడటానికి ఏం మిగలదు, రాసినవాడికైతే మొదటిసారి కూడా ఏం మిగలదు. వీళ్ళకి కావాల్సింది తాము రాసిన ఆట తమకే కొత్తగా ఉండటం. అందుకే గదులు, దారులు, రాక్షసులు, దొరికే వస్తువులు అన్నీ కంప్యూటరే ప్రతి ఆటకీ కొత్తగా పేర్చేలా రాశారు. నాకు ఈ జానర్ మొత్తంలో బాగా నచ్చే విషయం ఇదే, ఆట తయారుచేసినవాళ్ళు కూడా ఆటగాళ్ళే అవ్వాలనుకోవడం.

రాత్రిషిఫ్ట్
మరి ఆ అక్షరాలేంటి, బొమ్మలు పెట్టొచ్చుగా

బందరురోడ్_బాబాయ్
ఎక్కడ పెడతావు నాయనా, అప్పటి టెర్మినల్లో 80 కాలమ్స్, 24 లైన్లు, అంతా అక్షరాలే. అసలు అక్షరాన్ని తెరమీద మనం కోరుకున్న చోట పెట్టడమే అప్పట్లో కొత్త. కర్సెస్ అనే లైబ్రరీ వల్ల అది కుదిరింది, అది రాసింది పైన నాలుగో_లైన్ చెప్పిన కెన్ ఆర్నాల్డే. నువ్వు ఒక @ గుర్తువి, A నుంచి Z దాకా ఒక్కో అక్షరం ఒక్కో రాక్షసి, D కనపడిందంటే డ్రాగన్, పరిగెత్తడమే. కదలడానికి h, j, k, l కీలు, అచ్చం వీఐ ఎడిటర్‌లో లాగే. మా కాలేజీ ల్యాబ్‌లో యూనిక్స్ మెషీన్ ఉండేది, సార్ బయటికి వెళ్ళగానే అందరి స్క్రీన్ల మీదా ఇదే. వీఐ మా చేతికి ఎక్కింది రోగ్ వల్లే, ఇప్పటికీ ఆఫీసులో పిల్లలు నా టైపింగ్ చూసి ఆశ్చర్యపోతారు.

అరండల్‌పేట_ఆవకాయ
బాబాయ్ సూపర్

కృష్ణలంక_కార్తీక్
ఇది బాగుంది. కానీ చస్తే మొదటికి రావడం సంగతి? అప్పటి మెషీన్లలో సేవ్ చేసే వీలు లేకనా?

పటమట_పిక్సెల్
కాదు బ్రో, సేవ్ ఉంది. ఆట పెద్దది, ఒక కూర్చునేదాంట్లో అవ్వదు, 26 అంతస్తులు దిగి యెండోర్ తాయెత్తు పట్టుకుని మళ్ళీ పైకి ఎక్కిరావాలి. కాబట్టి సేవ్ చేసి ఇంటికి పోవచ్చు, కాకపోతే మళ్ళీ ఓపెన్ చేయగానే ఆ సేవ్ ఫైల్ డిలీట్ అయిపోద్ది. చస్తే వెనక్కి పోడానికి ఏం ఉండదు. కావాలని పెట్టిన రూల్ అది.

నేను ఖాళీ టైమ్‌లో చిన్నచిన్న గేములు రాస్తుంటా, అందుకే ఇది కొంచెం వివరంగా చెప్తా. రోగ్‌లో ఒక నీలం పోషన్, అంటే తాగే మందు, దొరికింది అనుకో, అదేంటో నీకు తెలీదు. దెబ్బలు మానేది కావొచ్చు, కళ్ళు పోయేది కావొచ్చు. నీలం అంటే ఇది అని గుర్తుపెట్టుకుందామంటే తర్వాతి ఆటలో రంగులు మారిపోతాయి. ఇప్పుడు సేవ్ ఫైల్ ఉంచేశారు అనుకో, నువ్వు ఏం చేస్తావ్? అన్నీ తాగేసి ఏదేంటో తెలుసుకుని వెనక్కి వచ్చేస్తావ్. అప్పుడు ఆ పోషన్ గురించి ఆలోచించాల్సిన పనే లేదు. అంటే చావు శాశ్వతం, మ్యాప్ ర్యాండమ్ అనేవి విడివిడి ఫీచర్లు కాదు, ఒకటి తీసేస్తే రెండోది కూలిపోద్ది. మ్యాప్ మారకుండా చావు ఒక్కటే ఉంటే నువ్వు బట్టీ పడతావ్, పాత మారియో అదే. చావు లేకుండా మ్యాప్ ఒక్కటే మారితే చూసి ఆనందించడమే, మైన్‌క్రాఫ్ట్ అదే. పేకముక్కలు కలిపి పంచినట్టు, రూల్స్ నీకు తెలుసు, చేతికి ఏం వస్తాయో తెలీదు, వేసిన ముక్క వెనక్కి తీసుకోలేవు.

కృష్ణలంక_కార్తీక్
ఇది చదివాక హేడిస్‌కీ బలాట్రోకీ ఒకే పేరు ఎందుకో ఇప్పుడు కాస్త కనపడుతోంది.

నెట్‌హ్యాక్_నాని
కనపడకూడదు తమ్ముడూ, అక్కడే వచ్చింది గొడవ. పిక్సెల్ చెప్పింది సగం. రోగ్‌లో ఇంకో సగం ఉంది, అది గళ్ళ మీద, వంతుల ప్రకారం ఆడే ఆట. నువ్వు ఒక అడుగు వేస్తేనే రాక్షసి ఒక అడుగు వేస్తుంది. చావుకి ఒక అడుగు దూరంలో ఉన్నప్పుడు కుర్చీలోంచి లేచి, వెళ్ళి అన్నం తిని, తిరిగొచ్చి ఆలోచించొచ్చు. చచ్చావంటే వేలు జారి కాదు, బుర్ర పనిచేయక. 2008లో బెర్లిన్‌లో రోగ్‌లైక్ డెవలపర్ల కాన్ఫరెన్స్ జరిగినప్పుడు కూర్చుని ఒక నిర్వచనం రాసుకున్నారు, బెర్లిన్ ఇంటర్‌ప్రిటేషన్ అంటారు. ర్యాండమ్ లెవెల్స్, శాశ్వత చావు, టర్న్ బేస్డ్ అంటే వంతులు, గళ్ళు, ఉన్నవాటిని పొదుపుగా వాడుకోవడం, వస్తువులు ఏంటో నువ్వే కనుక్కోవడం, ఇలాంటివి ముఖ్యమైనవి అన్నారు. అక్షరాలతో బొమ్మ, డన్జన్ అంటే నేలమాళిగ, అంకెలు కనపడటం లాంటివి తక్కువ ముఖ్యమైనవి. ఏడోమ్, ఆంగ్‌బాండ్, క్రాల్, నెట్‌హ్యాక్, రోగ్ ఈ ఐదూ ప్రమాణం. ఆ లెక్కన హేడిస్ దగ్గరికి కూడా రాదు.

బ్రాడీపేట_భార్గవి
నాని గారూ ఆ కాగితం మీరు ప్రతి థ్రెడ్‌లో తెస్తారు, కానీ ఇది ఖచ్చితంగా పాటించాల్సిన రూల్ కాదు, కొన్ని లేకపోయినా రోగ్‌లైక్ అవ్వొచ్చు అని ఆ రాసినవాళ్ళే రాశారు కదా, ఆ ముక్క ఎప్పుడూ వదిలేస్తారు. పైగా అది రాసిన 2008లోనే డెరెక్ యూ స్పెలంకీ ఫ్రీగా పెట్టాడు. గెంతే ఆట, రియల్ టైమ్ అంటే మనం ఆగినా ఆట ఆగదు, గళ్ళూ లేవు వంతులూ లేవు. కానీ ఆడి చూడండి, రోగ్ ఆడుతున్నట్టే ఉంటుంది. రోగ్‌లో ఆకలి ఎందుకు పెట్టారు? ఒకే చోట తచ్చాడకుండా కిందికి దిగమని. స్పెలంకీలో ఆకలి లేదు, ఎక్కువసేపు ఉంటే దెయ్యం వస్తుంది, తగిలితే చావే. పని అదే, రూపం వేరు. ఇది అర్థం చేసుకుని చేసినవాడిని నువ్వు మాలో కలవవు అంటే ఎలా?

నెట్‌హ్యాక్_నాని
భార్గవి గారూ స్పెలంకీ గొప్ప గేమ్, కాదనను, నేనూ ఆడాను. పేరు మాత్రం వేరే ఉండాలంటున్నా.

పటమట_పిక్సెల్
దెయ్యం పాయింట్ బాగా చెప్పావ్ అక్కా. నేను ఆకలినే పట్టుకుని కూర్చున్నా నా గేమ్‌లో, ఇప్పుడు మార్చాలనిపిస్తోంది.

రాత్రిషిఫ్ట్
నైట్ డ్యూటీలో ఆడేవాళ్ళకి దెయ్యం ఉన్న గేములు చెప్పకండి ప్లీజ్

గురజాల_గేమ్స్
ఒక డౌట్. 1978లోనే యాపిల్ టూ మీద బినీత్ యాపిల్ మేనర్ అని డాన్ వర్త్ చేసిన గేమ్ ఉంది, అందులోనూ ర్యాండమ్ డన్జన్ ఉంది, రోగ్ కంటే రెండేళ్ళు ముందు. మరి పేరు రోగ్‌కి ఎందుకు పోయింది?

నాలుగో_లైన్
ముందు రావడం వేరు, అందరి చేతుల్లోకీ వెళ్ళడం వేరు. రోగ్‌ని బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు పంచిపెట్టారు, 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీలో అది ఉంది. యూనివర్సిటీలు ఆ సిస్టమ్ వేసుకుంటే ఆట కూడా వెంట వచ్చేసింది. అది చేసినవాళ్ళకి యాపిల్ మేనర్ గురించి తెలీదు కూడా.

కానీ అసలు మలుపు ఇంకోటి, చాలామంది దీన్ని పట్టించుకోరు. రోగ్ వచ్చింది గానీ సోర్స్ కోడ్ రాలేదు. జే ఫెన్‌లాసన్ అని ఒక హైస్కూల్ కుర్రాడు బర్క్‌లీలో రోగ్ చూసి కోడ్ అడిగాడు, ఇవ్వం పొమ్మన్నారు. సరే అని ఫ్రెండ్స్‌తో కలిసి మొదట్నుంచీ తనే రాసుకున్నాడు, అది 1982 నాటి హ్యాక్. దాన్ని ఆండ్రీస్ బ్రావర్ 1984లో పెంచాడు, 1987లో నెట్‌హ్యాక్ అయింది, నెట్ అని ఎందుకంటే యూజ్‌నెట్, అంటే అప్పటి ఆన్‌లైన్ చర్చా గ్రూపుల మీద కలుసుకున్నవాళ్ళంతా కలిసి చేశారు కాబట్టి. ఇంకో పక్క ఒక్లహోమా యూనివర్సిటీలో రాబర్ట్ కోనెకీ అని ఇంకొకాయన, రోగ్ బాగా ఇష్టం, కానీ వేరే డిపార్ట్‌మెంట్‌కి మారితే అక్కడి వాక్స్ మెషీన్‌లో ఆట లేదు. అందుకని పాస్కల్‌లో మోరియా రాశాడు. ఆయన కోడ్ అందరికీ ఇచ్చాడు, దాంట్లోంచి 1990లో ఆంగ్‌బాండ్ వచ్చింది. అంటే చూడండి, రోగ్ దొరకనివాళ్ళు, దొరికినా లోపల చూడలేనివాళ్ళు రాసుకున్నవే ఈ కుటుంబం మొత్తం. కోడ్ ఇచ్చేసి ఉంటే అందరూ రోగ్‌కే మెరుగులు దిద్దుకుంటూ ఉండేవాళ్ళు, జానర్ పుట్టేది కాదేమో అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

బందరురోడ్_బాబాయ్
మంచి మాట చెప్పావ్. మేం అంత దూరం ఆలోచించలేదు.

కృష్ణలంక_కార్తీక్
అయితే రోగ్‌లైక్ అనే మాట అప్పుడే పుట్టిందా?

నాలుగో_లైన్
కాదు, తర్వాత. యూజ్‌నెట్‌లో రోగ్‌కి ఒక గ్రూపు, హ్యాక్‌కి ఒకటి, మోరియాకి ఒకటి వేరువేరుగా ఉండేవి. కొత్త గేమ్ వచ్చినప్పుడల్లా కొత్త గ్రూపు పెట్టలేక అన్నిటినీ ఒక గొడుగు కిందికి తేవాలనుకున్నారు. ఆ గొడుగుకి ఏం పేరు పెట్టాలని బాగా వాదించుకున్నారు, 1993లో రెక్ డాట్ గేమ్స్ డాట్ రోగ్‌లైక్ ఖాయమైంది. కాబట్టి ఈ పేరు పుట్టుకే ఒక చర్చలోంచి, ఇప్పుడు మనం కొట్టుకుంటున్నది కొత్తేం కాదు.

నెట్‌హ్యాక్_నాని
అవును, కానీ అప్పుడు ఆ పేరు కింద ఉన్న గేములన్నీ నిజంగా రోగ్ లాగే ఉండేవి. చూడగానే చుట్టాలని తెలిసిపోయేది.

బ్రాడీపేట_భార్గవి
పేర్లు అలానే కదా సాగుతాయి. డూమ్ వచ్చాక కొన్నేళ్ళు ప్రతి తుపాకీ గేమ్‌నీ డూమ్ క్లోన్ అన్నారు, తర్వాత ఫస్ట్ పర్సన్ షూటర్ అనే మాట దొరికింది, పాతది పోయింది. ఇక్కడ అలాంటి మాట ఎవరికీ దొరకలేదు. మెట్రాయిడ్‌వేనియాకీ అంతే, మెట్రాయిడ్, కాసిల్‌వేనియా రెండిటి పేర్లూ అతికించేశారు. సోల్స్‌లైక్ చూడండి, 2009 డీమన్స్ సోల్స్‌తో మొదలైంది, ఇప్పుడు ఎక్కడ చూసినా అదే. పేరు పెట్టడం చేతకాక ఆట పేరే పెట్టుకున్నాం అనుకోకండి, ఆ ఆట ఇచ్చిన అనుభవానికి రెండు మాటల్లో వర్ణన కుదరనప్పుడు ఇలాగే జరుగుతుంది.

అరండల్‌పేట_ఆవకాయ
నాకు ఈ చరిత్ర ఏం తెలీదు గానీ ఫోన్లో బలాట్రో తెగ ఆడతా. మా అమ్మ వెనకనుంచి పేకముక్కలు చూసి డబ్బులు పెట్టి రమ్మీ ఆడుతున్నానని మా మావయ్యకి ఫోన్ చేసింది. మావయ్య వచ్చి పక్కన కూర్చుని గంటసేపు చూసి, ఇందులో అవతల మనిషే లేడుగా, పందెం ఎవరితో అన్నాడు. ఇప్పుడు ఆయన ఫోన్లోనూ ఉంది.

రాత్రిషిఫ్ట్
మావయ్యకి దండం

పటమట_పిక్సెల్
ఆవకాయా, ఆ గొడవ మీ ఇంట్లోనే కాదు, యూరప్‌లో రేటింగ్ ఇచ్చే పెగీ కూడా దానికి 18 ఏళ్ళు అని పెట్టింది, తర్వాత 2025లో 12కి తగ్గించింది. పందెం లేదు, పోకర్ చేతుల పేర్లు మాత్రమే. కింద ఉన్న ఎముకలు మాత్రం రోగ్‌వే, ప్రతి రన్‌లో వేరే జోకర్లు వస్తాయి, వచ్చినవాటితో సర్దుకోవాలి, ఓడితే అంతా పోద్ది.

తెనాలి_టర్న్‌బేస్డ్
జపాన్‌లో అయితే ఇంకో పాయ ఉంది. చున్‌సాఫ్ట్ 1993లో టోర్నెకోతో మిస్టరీ డన్జన్ సిరీస్ మొదలెట్టింది, తర్వాత 1995లో షిరెన్. మన దగ్గర ఎమ్యులేటర్‌లో పోకెమాన్ మిస్టరీ డన్జన్ ఆడినవాళ్ళందరూ తెలీకుండానే పద్ధతైన గళ్ళ రోగ్‌లైక్ వైపు నుంచి వచ్చినవాళ్ళే. నేను ఏడో క్లాసులో ఆడా, మా తమ్ముడితో కలిసి, నువ్వో అడుగు నేనో అడుగు అని కీబోర్డ్ పంచుకుని.

గురజాల_గేమ్స్
డయాబ్లో కూడా ఈ చుట్టరికమేగా? మా నెట్ సెంటర్ అన్న ఎప్పుడూ అదే అనేవాడు.

నెట్‌హ్యాక్_నాని
అన్న కరెక్ట్. డయాబ్లో చేసిన డేవిడ్ బ్రెవిక్‌కి మోరియా, ఆంగ్‌బాండ్ పిచ్చి, డయాబ్లోని మొదట టర్న్ బేస్డ్‌గానే అనుకున్నారు, మధ్యలో రియల్ టైమ్ చేశారు. చూశారా, దాన్ని ఎవరూ రోగ్‌లైక్ అనలేదు, యాక్షన్ ఆర్పీజీ అని వేరే పేరు పెట్టుకుంది, హాయిగా బతికింది. నేననేదీ అదే.

బ్రాడీపేట_భార్గవి
డయాబ్లోలో చస్తే సేవ్ లోడ్ చేసుకుంటారు కాబట్టి అనలేదు అండీ. పిక్సెల్ చెప్పిన రెండిటిలో, మారే మ్యాప్, శాశ్వత చావు, రెండోది లేదు.

నెట్‌హ్యాక్_నాని
ఇది ఒప్పుకోవాల్సిందే, బలమైన పాయింట్. అయితే ఆ లెక్క మీకూ వర్తించాలి మరి. హేడిస్‌లో చస్తే ఇంటికొచ్చి అద్దం దగ్గర డార్క్‌నెస్ ఖర్చుపెట్టి ఆయుష్షు, దెబ్బ, అదనపు ప్రాణం అన్నీ పెంచుకుంటారు. అవి మళ్ళీ పోవు. అంటే ఓడిపోతూ ఉంటే ఆటే తేలికవుతూ వస్తుంది. చావుకి బరువు ఎక్కడుంది?

పటమట_పిక్సెల్
అందుకే రోగ్‌లైట్ అని వేరే మాట వచ్చింది. 2013లో రోగ్ లెగసీ వచ్చినప్పుడు అది బాగా పాకింది. అందులో హీరో చస్తే వారసుడు వస్తాడు, తండ్రి తెచ్చిన బంగారంతో కోట కట్టుకుంటాడు, మిగిలింది లోపలికి పోయేటప్పుడు గుమ్మం దగ్గర కేరన్ గుంజుకుంటాడు. కోట పెరిగేకొద్దీ బలం పెరుగుద్ది. అసలు రోగ్‌లో పెరిగేది ఆడేవాడు, రోగ్‌లైట్‌లో ఆడేవాడితో పాటు క్యారెక్టర్ కూడా.

స్లే ద స్పైర్ మధ్యలో ఉంటుంది. కొత్త కార్డులు అన్‌లాక్ అవుతాయి గానీ నీకు బలం ఇవ్వవు, రకాలు పెరుగుతాయి అంతే. గెలిచేకొద్దీ అసెన్షన్ అని 20 మెట్లు ఇంకా కష్టం చేసి పెడతాడు. అంటే హేడిస్‌కి తిరగేసి.

బ్రాడీపేట_భార్గవి
హేడిస్‌లో కూడా గెలిచాక శిక్షలు మనమే పెంచుకోవచ్చు, అద్దం వాడకుండా ఆడేవాళ్ళూ ఉన్నారు. కానీ నాకు ముఖ్యమైంది అది కాదు. నేను ఎగ్జామ్స్ పోయిన టైమ్‌లో ఆడాను ఆ గేమ్. ఓడి ఇంటికొస్తే వాళ్ళ నాన్న ఓ మాట అంటాడు, కుక్క ఎదురొస్తుంది, అమ్మలాంటి ఆవిడ పలకరిస్తుంది, కథ ముందుకి జరుగుతుంది. ఓడిపోతేనే తెలిసే కథ అది. చావు శాశ్వతం అవ్వాలి అనే రూల్ మీద ఇంతకంటే లోతుగా ఆలోచించిన గేమ్ నేను చూడలేదు, దాన్ని లైట్ అని తీసిపారేస్తే నాకు కష్టంగానే ఉంటుంది.

నాలుగో_లైన్
లైట్ అంటే తక్కువ రకం అని కాదు భార్గవీ, అలా వాడేవాళ్ళది తప్పు.

నెట్‌హ్యాక్_నాని
నేను తక్కువ అనడం లేదమ్మా. నెట్‌హ్యాక్‌లో ఓడితే ఎవరూ పలకరించరు, సమాధి రాయి మీద పేరు, ఎవరు చంపారో మాత్రం రాసి ఉంటుంది. నాకు అది చాలు, మీకు చాలదు. రెండిటికీ రెండు పేర్లు ఉంటే కార్తీక్ లాంటివాడు సేల్‌లో తికమక పడడు, నా బాధ అంతే.

కృష్ణలంక_కార్తీక్
స్టోర్‌లో ఇప్పుడు చూశా, ట్రెడిషనల్ రోగ్‌లైక్ అని కూడా ఒక ట్యాగ్ ఉంది. దాంతో వెతికితే నాని అన్న చెప్పినలాంటివి వస్తున్నాయి, గళ్ళు, వంతులు. రోగ్‌లైట్ ట్యాగ్ వేరే ఉంది కానీ సగం గేములకి రెండూ తగిలించారు. ఇకమీద కొనేముందు చస్తే ఏం మిగులుద్దో రివ్యూల్లో చూసుకుని కొంటా.

అన్నా నెట్‌హ్యాక్ నాకు కష్టం, కళ్ళు లాగుతున్నాయి. ఫోన్లో అలాంటిది, బొమ్మలతో, ఏదైనా ఉందా?

నెట్‌హ్యాక్_నాని
షాటర్డ్ పిక్సెల్ డన్జన్ వెయ్యి. ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, యాడ్స్ లేవు, కోడ్ కూడా ఓపెన్. గళ్ళు, వంతులు, ఆకలి, ఏ రంగుది ఏంటో తెలియని పోషన్లు అన్నీ ఉంటాయి. కిందికి దిగి పట్టుకోవాల్సింది ఏంటో తెలుసా, యెండోర్ తాయెత్తే, అదీ 26వ అంతస్తులోనే.

బందరురోడ్_బాబాయ్
అదే తాయెత్తా! ఫోన్లోనా! లింక్ పెట్టు నానీ వెంటనే

అరండల్‌పేట_ఆవకాయ
కార్తీక్ ఒక్క మాట, ఐదో అంతస్తులో గూ అని నల్లగా జారుతూ ఒకటి వస్తుంది, అది ఉబ్బుతున్నప్పుడు పక్కన నిలబడకు, దూరం జరిగిపో. నీళ్ళలో ఉంటే దాని దెబ్బలు మానిపోతాయి, నీళ్ళలోంచి బయటికి లాగి కొట్టు. తెలియని పోషన్లు ఒకే రంగువి రెండు మూడు దొరికేదాకా తాగకు.

పటమట_పిక్సెల్
అన్నీ చెప్పేస్తే వాడు కనుక్కునేది ఏం ఉంటుంది ఆవకాయా

కృష్ణలంక_కార్తీక్
చెప్పనీ బ్రో, మూడో అంతస్తు దాటనివ్వట్లేదు ఇది. బస్సులో ఉన్నా, పైన అందరూ రాసినవి ఇంటికెళ్ళి మళ్ళీ చదువుతా. బాబాయ్ లింక్ నీకు మెసేజ్ పెట్టా చూడు.